గుడ్లు ఉడికే పాట

మార్చి 1, ఆదివారం

వచ్చేసింది. రెండు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయరు, అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా ఒకటి. అసలు పనితనమంతా ఆ నల్ల డబ్బాదేనట, ఫోనులో ఉన్న అంకెల్ని పాటగా మార్చేది అదేనట. మరిది పొద్దున్నే దిగి, వైర్లన్నీ హాల్లో పరిచి, కాలు పెట్టడానికి చోటు లేకుండా చేసి, భోజనాల వేళకి తేల్చాడు. "వదినా, ఇన్నాళ్లూ మీరు విన్నది పాట కాదు, పాట పిప్పి" అన్నాడు. అన్నదమ్ములిద్దరికీ సమానంగా రావాల్సిన మాటలన్నీ చిన్నవాడే పట్టుకుపోయాడని మా అత్తగారు అంటూ ఉండేది. అప్పట్లో నవ్వేదాన్ని.

మొదట నీళ్ల పాటే పెట్టమన్నాను. "నీళ్లు తెస్తానని వెళ్లి నిలిచిపోయావేం" అని మొదలవుతుంది కదా, ఆయనకి ప్రాణం. ఒరిజినల్ రికార్డింగు నుంచి నేరుగా తీసిన ఫైలట. ఆ గాయని మొదటి మాటకి ముందు ఊపిరి తీసుకుంటుందని నాకు ఇంతవరకూ తెలియదు. వెనక వీణ కాకుండా ఇంకో వాద్యం కూడా ఉంది. గొంతు పల్చగా, చిన్నపిల్ల గొంతులా ఉంది. ఇన్నాళ్లూ పాటలు విన్న మా పాత స్పీకరు డబ్బాలో ఆమె నాకంటే పెద్దావిడలా ఉండేది. నాణ్యత అంటే ఇదే కాబోలు.

ఆయన కుర్చీలో ముందుకు వంగి విన్నారు. అయిపోయాక "అదే" అన్నారు. సెప్టెంబరులో పక్షవాతం వచ్చి మెదడుకి దెబ్బ తగిలినప్పటి నుంచీ ఆయన నోట దానంతట అది వచ్చే మాట అదొక్కటే. ఆ ఒక్క మాటతో ఎన్ని రకాలుగా తిట్టవచ్చో, ఎన్ని రకాలుగా మెచ్చుకోవచ్చో నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. ఇవాళ్టిది మాత్రం ఏ రకమో తెలియలేదు.

పాత డబ్బాని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాను. ఆరు నెలల తర్వాత ఇవాళే నా భుజాల మీది బరువు కాస్త దిగింది. ఆయన కోసమే కొన్నాను.

మార్చి 3, మంగళవారం

మాటల టీచరు వచ్చింది. కొత్త స్పీకర్లు చూసి సంబరపడింది. చిన్నపిల్ల, నన్ను ఆంటీ అంటుంది, ఆయన్ని సార్ అంటుంది. "ఇక మనం స్టూడియోలోనే ఉన్నట్టు సార్" అంది.

ఆమె పద్ధతి నాకు మొదట్లో వేళాకోళంగా ఉండేది. మాట్లాడలేని మనిషి పాడగలడట, మాటలు ఉండే చోటు వేరు, పాటలు ఉండే చోటు వేరట. పాట పెట్టి మధ్యలో ఆపేస్తుంది, మిగతా లైను ఆయన పూర్తి చేస్తారు. తర్వాత ఆ లైనులోంచి ఒక మాటని మెల్లగా బయటికి లాగుతుంది. అలా వచ్చిందే "నీళ్లు". డిసెంబరులో దాహమేసి మొదటిసారి "నీళ్లు" అని అడిగారు, అడిగినట్టు కాదు, రాగం తీశారు. నేను గ్లాసు నింపుతూ సగం నేలమీద పోశాను. ఆ తర్వాత "రా", "చాలు", "తలుపు". అన్నీ పాటల్లోవే.

"పాటలో లేని మాట ఒక్కటి సొంతంగా వస్తే చాలు ఆంటీ, ఇక దారి పడినట్టే. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యండి. స్నానంలో ఉన్నా ఎత్తుతాను" అంది. ఏ మాట కోసం ఎదురుచూస్తున్నారు అని అడిగింది. ఏదైనా ఫరవాలేదన్నాను.

ఇవాళ మాత్రం ఆయన సరిగ్గా అందుకోలేదు. నోరు తెరిచారు, పాట ముందుకి వెళ్లిపోయింది. కొత్త కదా.

మార్చి 5, గురువారం

గుడ్లు పచ్చిగా ఉన్నాయి. గ్యాసు సన్నగా వస్తున్నట్టుంది.

మార్చి 8, ఆదివారం

కళ్లజోళ్ల షాపుకి సెలవు. పొద్దుటి నుంచీ పాటలే. వంటింట్లోకి కూడా ఎంత శుభ్రంగా వినిపిస్తున్నాయో. పాత డబ్బా గీపెట్టేది. అదే నాలుగు పాటలు, అదే గీపెట్టు, రోజుకి ఎన్నిసార్లో. నేనేమీ అనలేదు ఎప్పుడూ, ఆయన మాటలు అందులోంచి వస్తున్నాయి కదా. ఆయన కోసమే కొన్నాను ఇది.

ఆయన పాడడం లేదు. వింటున్నారు. పెదాలు కదులుతాయి, ఒక మాట వెనకబడతారు, మళ్లీ పట్టుకోబోతారు, ఆగిపోతారు. బస్సు వెనక పరుగెత్తి ఇక లాభం లేదని నిలబడ్డ మనిషిలా. తర్వాత కిటికీ వైపు చూస్తారు.

పాట మంచిదైనప్పుడు వినాలనిపిస్తుంది గాని పాడాలనిపించదు. అంతే అయి ఉంటుంది.

మార్చి 10, మంగళవారం

"నీళ్లు" రాలేదు. టీచరు పాట ఆపింది, ఆయన వైపు చూసింది, ఆయన నా వైపు చూశారు. "చాలు" రాలేదు. "రా" కూడా రాలేదు. దాహమేస్తే గ్లాసు చూపించారు.

వెళ్తూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించి చెప్పింది. "ఒకసారి స్కాన్ తీయించండి ఆంటీ. కొన్నిసార్లు బయటికి ఏమీ తెలియకుండా రెండో దెబ్బ తగులుతుంది." ఏమీ లేకపోతే ఏంటి అని అడిగాను. ఏమీ లేకపోతే మంచిదే, కానీ ఇలాగే ఉంటే బొమ్మల అట్టలకి మారదాం అంది. అంటే గ్లాసు బొమ్మ, మంచం బొమ్మ, వేలు పెట్టి చూపించడం. అంటే మాటల మీద ఆశ వదులుకోవడమే. ఆమె అలా అనలేదు, నేనే అంటున్నాను.

మార్చి 12, గురువారం

ఇవాళా పాడలేదు.

మార్చి 14, శనివారం

స్కాన్ అయింది. ఏమీ లేదు. కొత్తగా ఏమీ లేదు. డాక్టరు తెర మీద చూపించి, పాత మచ్చ అలాగే ఉంది, పక్కన అంతా బాగుంది అన్నాడు. ఎన్నిసార్లు అడిగానో, చివరికి ఆయనే నా చెయ్యి లాగి "అదే" అన్నారు, ఇక పద అన్నట్టు. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైంది. బయట బండి దగ్గర ఇద్దరం టీ తాగాం. ఆ టీ అంత బాగుండడానికి కారణం టీ కాదని నాకు తెలుసు.

మార్చి 17, మంగళవారం

బొమ్మల అట్టలు తెచ్చింది. పుస్తకంలా దారంతో కుట్టి ఉన్నాయి. ఆయన వాటిని ఎడమ చేత్తో ముట్టుకుని, పక్కన పెట్టి, వాటి మీద పేపరు పెట్టారు.

సాయంత్రం బాత్‌రూమ్‌లోంచి కూనిరాగం వినిపించింది. నీళ్ల పాటే. మాటలు తెలియలేదు గాని రాగం పక్కాగా ఉంది, నిదానంగా, ఎప్పటిలాగే. బాత్‌రూమ్‌లో అందరూ గాయకులే అనుకున్నాను ముందు. తర్వాత ఇంకోటి తట్టింది. సిగ్గు. స్పీకర్లలో ఆ గాయని అంత స్వచ్ఛంగా పాడుతుంటే పక్కన తన గొంతు వినడానికి ఆయనకి సిగ్గుగా ఉందేమో.

మరిదికి ఫోన్ చేశాను. "సిగ్గా? మా అన్నయ్యకా? ఆగిపోయిన లిఫ్టులో జనం మధ్య ఇరుక్కుని మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య కచేరీ చేసిన మనిషి వదినా" అన్నాడు. అదీ నిజమే. లిఫ్టులు బాగుచేసినన్నాళ్లూ ఆ గొట్టాల్లో ఆయన గొంతు వినిపిస్తే, మెకానిక్ ఉన్నాడు భయం లేదని జనం ఊరుకునేవారట.

మార్చి 19, గురువారం

గుడ్లు మళ్లీ జావగా ఉన్నాయి. సిలిండరు మొన్ననే మార్చాను. తప్పు గుడ్లది కాదు, గ్యాసుది కాదు, మరి దేనిది?

మా ఇంట్లో గుడ్లకి గడియారం చూడం. నీళ్లు మరిగాక గుడ్లు వేసి, నీళ్ల పాట, దాని వెంటనే పడవ పాట. రెండూ అయ్యేసరికి లోపలి పచ్చసొన గట్టిపడుతుంది. పెళ్లయిన కొత్తలో ఆయన కనిపెట్టిన కొలత. రెండో పాట అయిపోగానే హాల్లోంచి "ఏమోయ్, గుడ్లు" అని కేక వచ్చేది. నా చేతిలో ఏ పనున్నా వదిలి స్టవ్ ఆపేదాన్ని. ఆలస్యమైతే రెండో కేకలో విసుగు ఉండేది.

టీచరు ఏ మాట కోసం అని అడిగినప్పుడు "ఏమోయ్" అని చెప్పడానికి నోరు రాలేదు. అది ఏ పాటలోనూ లేదు. ఎలా లాగుతుంది పాపం.

మార్చి 21, శనివారం

ఇవాళ షాపులో ఒక పెద్దాయన కొత్త కళ్లజోడు టేబుల్ మీద పెట్టి కూర్చున్నాడు. పెట్టుకుంటే నేల ఏటవాలుగా కనిపిస్తోందట, మెట్టు దిగాలంటే భయమట, డబ్బు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. పవరు మళ్లీ చూశాను. ఒక్కో అద్దం మారుస్తూ, ఇది బాగుందా, ముందుది బాగుందా అని ఎప్పటిలా అడిగాను. కొత్తదే సరైనది, సందేహం లేదు. అప్పుడు ఆయన పాత జోడు తీసి మిషను మీద పెట్టాను. ఒక అద్దం ఫ్రేములో కాస్త తిరిగిపోయి ఉంది. బిగించినప్పుడే తప్పు బిగించారు. ఎన్నేళ్లు వాడారంటే ఆయనకే గుర్తులేదు. ఆ తప్పుకి సరిపడేలా తల పక్కకి వంచి చూడడం అలవాటైపోయింది. కొత్తది సరిగ్గా ఉంది, ఈయన తల మాత్రం ఇంకా వంకరగానే ఉంది.

"అద్దం తప్పు కాదండి, మీ కళ్ల తప్పూ కాదు" అన్నాను. "కొన్నాళ్లు ఇంట్లో పాతవి పెట్టుకోండి, మెల్లగా మారండి." ఆయన నమ్మకం లేనట్టు తల వంచి నా వైపు చూసి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చే దారంతా ఆ వంగిన తలే కళ్లముందు ఉంది. ఎందుకో వంటింట్లోకి వెళ్లగానే గుడ్ల గిన్నె వంక చూశాను.

మార్చి 22, ఆదివారం

కుదురుగా రాయాలి.

పొద్దున్నే స్టూలు ఎక్కి అటక మీంచి పాత డబ్బా దింపాను. ఛార్జింగు పెట్టి, గుడ్లు వేసి, నీళ్ల పాట, పడవ పాట. గీపెట్టుకుంటూ, నిదానంగా, ఆ పెద్దావిడ గొంతుతో. రెండూ అయ్యాక గుడ్డు కోసి చూశాను. గట్టిగా, పొడిపొడిగా, ఎప్పటిలా ఉంది.

మరిదిని రమ్మన్నాను. పాత డబ్బాలో నీళ్ల పాట, కొత్త స్పీకర్లలో నీళ్ల పాట, ఒకేసారి మొదలుపెట్టమన్నాను. "కొత్త పరీక్షా వదినా? ఇది బాగుందా, ముందుది బాగుందా అంటారా?" అంటూ నొక్కాడు. మొదటి లైను దాటకముందే కొత్తది ముందుకి పోయింది. శ్రుతి కలవలేదు, చెవులు మూసుకోవాల్సి వచ్చింది. కొత్తది అయిపోయి హాల్లో చప్పుడు సగానికి తగ్గాక కూడా పాతది ఇంకా పాడుతూనే ఉంది. ఆఖరి లైను నింపాదిగా ముగించి ఆగింది.

మరిది అన్నయ్య వైపు తిరిగాడు. "అన్నయ్యా, ఆ టేప్‌రికార్డరు కప్పీ."

నాకు అప్పుడు తెలిసింది కథంతా. మా పెళ్లికి ముందు ఆ టేప్‌రికార్డరు మోటారు దగ్గర బెల్టు తిప్పే కప్పీ విరిగిపోయిందట. అసలుది దొరకలేదట. ఈయన ఊరుకుంటారా, లేత్ మీద సొంతంగా ఒకటి చెక్కి బిగించారట. కాస్త చిన్నదైంది. అప్పటి నుంచీ ప్రతి క్యాసెట్టూ ఆ ఇంట్లో మెల్లగా, బరువుగా తిరిగింది. తర్వాత ఆ క్యాసెట్లన్నీ అదే మిషను మీద తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించింది కూడా ఈయనే. ఆ పాటలే పాత డబ్బాలోకి వచ్చాయి. ఎప్పుడైనా బస్సులో నీళ్ల పాట వినిపిస్తే, డ్రైవరుకి తొందరెక్కువ, పాటని కూడా తరుముతున్నాడు అనుకునేదాన్ని నేను.

"ఇంటిల్లిపాదీ ఇన్నేళ్లు తప్పు శ్రుతిలో సంసారం చేశారు వదినా" అన్నాడు మరిది.

"సంసారం బాగానే నడిచింది కదా" అన్నాను.

ఈలోగా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. సగం ముఖంతోనే, భుజాలు కదిలిపోయేలా. ఎడమ చెయ్యి గుండె మీద వేసుకుని "అదే, అదే, అదే" అన్నారు. ఆ "అదే" ఏ రకమో ఈసారి నన్నెవరూ అడగక్కర్లేదు. నేనే చేశాను, నేనే బిగించాను, నా పనే అని. సెప్టెంబరు తర్వాత ఆయన ఇలా నవ్వగా నేను చూడలేదు.

పాత డబ్బాలో మళ్లీ మొదటి నుంచి పెట్టాను. నీళ్ల పాట. "నీళ్లు తెస్తానని" దగ్గర ఆపేశాను. ఆయన ఆగలేదు. "వెళ్లి నిలిచిపోయావేం" అని పాడి, నేను మళ్లీ పెట్టేదాకా చూడకుండా తర్వాతి చరణమూ అందుకుని చివరిదాకా పాడేశారు. ఒక్క మాట పోలేదు. ఏదీ పోలేదు. రెండో దెబ్బా లేదు, సిగ్గూ లేదు, ఆశ వదులుకోవడమూ లేదు. ఆయన కిందనే నిలబడి ఉన్నారు, పాటని మేమే పై అంతస్తుకి తీసుకుపోయాం. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. హాయిగా ఏడ్చాను. మరిది తలుపు దగ్గరికి వచ్చి చూసి, వెనక్కి వెళ్లి పాట మళ్లీ పెట్టాడు.

మార్చి 24, మంగళవారం

"నీళ్లు", "రా", "చాలు", "తలుపు". నాలుగూ వచ్చాయి. టీచరు కథ విని పకపకా నవ్వింది. తర్వాత సీరియస్ అయి, నేను కనిపెట్టాల్సింది ఆంటీ, పాట బాగుందని మురిసిపోయాను గాని సార్ గొంతు ఎంతవరకూ అందుతుందో చూడలేదు అంది. ఇద్దరం మురిసిపోయాంలే అన్నాను.

బొమ్మల అట్టలు తీసుకువెళ్లిపోయింది. ఆయన పేపరు ఎత్తి తనే అందించారు.

మార్చి 28, శనివారం

మరిది మళ్లీ వచ్చాడు, ఈసారి కంప్యూటరుతో. పాత డబ్బాలో వేగం ఎంత తక్కువో లెక్కగట్టి, కొత్త ఫైళ్లన్నిటినీ అంతే మెల్లగా చేశాడు. "ఇంత మంచి మిషను కొని, దాని చేత తప్పు పాడిస్తున్నారు. రికార్డింగు చేసినవాళ్లు చూస్తే నా మీద కేసు పెడతారు" అని గొణుగుతూనే చేశాడు.

పెట్టాడు. ఆ ఊపిరి, ఆ రెండో వాద్యం, అంతా అలాగే ఉంది, గీపెట్టు లేదు. గొంతు మాత్రం మళ్లీ మా పెద్దావిడదే. ఆయన కళ్లు మూసుకుని ఆమెతో పాటు పాడారు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గాని, మా ఇంట్లో రెండూ ఒక గూట్లోనే కుదిరాయి.

ఆయన కోసమే కొన్నాను అని ముందు పేజీల్లో ఎన్నిసార్లు రాశానో ఇప్పుడే చూశాను. నాకోసం కూడా కొన్నాను. ఆ గీపెట్టు నేను భరించలేకపోయాను. అందులో తప్పేముంది. ఆయన నిద్రపోయే మధ్యాహ్నాలు అసలు వేగంతో, ఆ చిన్నపిల్ల గొంతుతో పెట్టుకుని వింటున్నాను. చాలా బాగుంది.

ఏప్రిల్ 5, ఆదివారం

పొద్దున్న గుడ్లు వేసి, హాల్లో రెండు పాటలూ వరసగా పెట్టి, వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. ఆయన నీళ్ల పాట మొత్తం పాడారు, పడవ పాట సగం పాడి మిగతాది విన్నారు. పాట అయిపోయింది. కుళాయి చప్పుడులో నేను గమనించలేదు.

"గుడ్లు."

కుళాయి కట్టేశాను. మరిది వచ్చాడేమో అనుకున్నాను. ఎవరూ రాలేదు. రాగం లేదు, సాగదీత లేదు. మామూలు మాట.

టీచరుకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. "మాట వచ్చింది" అన్నాను. ఏం మాట ఆంటీ అంది. గుడ్లు అన్నాను.

"అది ఏ పాటలో ఉంది?"

"ఏ పాటలోనూ లేదమ్మా. గుడ్ల మీద పాట ఎవరు రాస్తారు?"

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది, ఎలా అన్నారు, ఎటు చూస్తూ అన్నారు, ఎంత గట్టిగా అన్నారు. చెబుతున్నాను. నేను కోరుకున్న మాట ఇది కాదని, దానికి ముందు రావాల్సిన మాట ఒకటుందని కూడా ఇవాళ చెప్పేశాను. "అది కూడా వస్తుంది ఆంటీ" అంది.

అంతలో హాల్లోంచి రెండోసారి వినిపించింది. "గుడ్లు." ఈసారి గట్టిగా, విసుగ్గా. స్టవ్ మీద గిన్నె మరుగుతూనే ఉంది, నేను ఫోన్ పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆ విసుగు నాకు బాగా తెలుసు, పెళ్లయినప్పటి నుంచీ తెలుసు, అది ఎప్పుడూ నామీదే.

వస్తున్నానండీ అని కేకేసి స్టవ్ ఆపాను. ఈ పూట గుడ్లు కాస్త ఎక్కువే ఉడికాయి.